రెండు గంటలకోసారి

నర్సింగ్ కాలేజీ లైబ్రరీలో నా కేస్ స్టడీ ఇప్పటికీ ఉంది. ఎర్ర అట్ట, లోపల రంగు పెన్సిళ్లతో వేసిన బొమ్మలు, చివర ఎగ్జామినర్ మేడమ్ స్వయంగా రాసిన "అద్భుతం" అన్న మాట. ప్రతి ఏడూ ఫైనలియర్ పిల్లలు దాన్ని ముందు పెట్టుకుని తమవి రాసుకుంటారు. వాటిని దిద్దేది నేనే. మొన్న ఒకమ్మాయి కళ్లింత చేసుకుని, "మేడమ్, మీ పేషెంటుకి పుండు ఎంత చక్కగా మానిందో!" అంది. నాకు ఒళ్లు మండింది. "పుండు మాన్పడం గొప్ప కాదమ్మాయ్, రాకుండా చూడటం గొప్ప. పో, క్లాసుకి పో" అని కసిరాను. పాపం, ఆ పిల్ల ఏం తప్పు చేసిందని? ఆ పుండు తెప్పించింది నేను. ఆ సంగతి ఆ ఎర్ర అట్టల మధ్య ఎక్కడా లేదు.

మా నాన్న ఆ ఆసుపత్రిలోనే మగవాళ్ల వార్డులో అటెండరు. పక్షవాతం వచ్చినవాళ్లనీ, తుంటి విరిగినవాళ్లనీ ఎత్తడం, పక్కకి తిప్పడం, ఒళ్లు తుడవడం ఆయన పని. ఎవర్ని పట్టుకున్నా "మెల్లిగా, మెల్లిగా" అంటుంటాడని వార్డంతా ఆయన్ని ఆ మాటతోనే పిలిచేది. పెద్ద డాక్టరు కూడా, "ఏడో బెడ్డు దగ్గరికి మెల్లిగాని రమ్మనండి" అనేవాడు. నాన్నకి చదువు రాదు. రోగి వీపు చూశాడంటే మాత్రం ఆ మనిషి ఏ వైపు ఎంతసేపు పడుకున్నాడో ఇట్టే చెప్పేసేవాడు.

ఆసుపత్రి లాండ్రీ వెనక ఒకే ఒక్క గది మా ఇల్లు. అమ్మ ఆ లాండ్రీలోనే దుప్పట్లు మడతపెట్టేది. నాన్నమ్మ మూడేళ్లు ఆ గదిలో మంచాన పడి ఉంది. నాన్న డ్యూటీ దిగి రాగానే చేతులు కడుక్కుని ముందు ఆవిడ్ని తిప్పేవాడు, తర్వాతే మంచినీళ్లయినా తాగేవాడు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు ఆ పని నాది. నాకప్పుడు పదేళ్లు. "భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి. లాగకూడదు తల్లీ, దొర్లించాలి. లాగితే చర్మం చీలుద్ది" అని నేర్పాడు. మూడేళ్లలో నాన్నమ్మ ఒంటి మీద ఎర్రటి మచ్చ కూడా పడలేదు. ఆవిడ పోయిన రోజు స్నానం చేయిస్తూ, "చూడండి, పసిపిల్ల వీపులా ఉంది" అని వచ్చినవాళ్లందరికీ చూపించి మరీ ఏడ్చాడు.

కాబట్టి నాకు తెలియక చేశానని అనడానికి లేదు. పుస్తకం పట్టకముందే నా చేతులకి ఆ పని వచ్చు.

చదువంటారా, పాత జ్వరం చార్టుల వెనకవైపు ఖాళీగా ఉంటుంది కదా, వార్డు సిస్టర్ని అడిగి నాన్న వాటిని కట్టలు కట్టి తెచ్చేవాడు. నా లెక్కలన్నీ ఎవరెవరి జ్వరాల వెనకాలో చేసినవే. నర్సింగులో సీటు వచ్చిందని తెలిసిన రోజు నాన్న కాళ్లు నేల మీద ఆగలేదు. నలభై బెడ్లకీ తిరిగి చెప్పాడు. స్పృహ లేనివాళ్లకి కూడా చెప్పాడని స్టాఫంతా నెల రోజులు నవ్వుకున్నారు.

అటెండరు కూతుర్నని సిగ్గుపడ్డానేమో అనుకుంటారు మీరు. అదేం లేదు. వార్డులో అందరి ముందూ "నాన్నా" అనే పిలిచేదాన్ని. నా సిగ్గు అంత తేలికది కాదు.

మొదటి ఏడు నుంచీ క్లాసులో ఫస్టు నేనే. రెండో ఏడూ నేనే. మూడో ఏడు వచ్చేసరికి నా కళ్లు నెత్తికెక్కాయి. ఫైనలియర్లో ఒక్కొక్కరికీ ఒక్కో పేషెంటుని అప్పగించారు. కొన్ని వారాలు ఆ మనిషిని దగ్గరుండి చూసుకుని, చేసిందంతా రాసి, చివర్లో బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు ఆ మంచం దగ్గరే నిలబడి చెప్పాలి. దానికి యాభై మార్కులు.

నాకు వచ్చింది ఒక టైలరు తాత. కుడివైపు పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. బుద్ధి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎడమచేత్తో దుప్పటి అంచు పట్టుకుని కుట్టు వెంట బొటనవేలు జరుపుకుంటూ పోయేవాడు. కుట్టు వంకర పోయిన చోట ఆగి మొహం చిట్లించేవాడు. ఆయన భార్యని మేం మామ్మగారూ అనేవాళ్లం. "ఇంట్లో ఉన్నప్పుడూ ఇంతేనమ్మా, ఏది కొనుక్కొచ్చినా కుట్టు సరిగ్గా లేదంటాడు" అని నవ్వేది ఆవిడ. మగవాళ్ల వార్డు కాబట్టి ఆవిడని పొద్దున్న ఒక్క గంటే ఉండనిచ్చేవారు.

తనంతట తాను కదల్లేడు కాబట్టి ఆయన్ని రెండు గంటలకోసారి తిప్పాలి. కుడి, వీపు, ఎడమ, మళ్లీ కుడి. తిప్పిన ప్రతిసారీ మంచానికి వేలాడే చార్టులో ఏ వైపో రాసి సంతకం పెట్టాలి. పొద్దున్న ఎనిమిది నుంచి రెండింటిదాకా నేను. రెండు నుంచి రాత్రి ఎనిమిదిదాకా నాన్న. ఆ తర్వాత నైట్ డ్యూటీవాళ్లు.

మొదటి వారం బాగానే చేశాను. రెండో వారంలో మందుల పేపరు పరీక్ష పడింది. అదే వారంలో కేస్ స్టడీకి బొమ్మలు వేసుకోవాలి. సీనియర్లు మాకు ఒక తెలివైన పని నేర్పిపోయారు: పొద్దున్న వస్తూనే చార్టులో నాలుగు గడులూ నింపేసి, నాలుగు సంతకాలూ గీకేయడం. ఎనిమిది - కుడి. పది - వీపు. పన్నెండు - ఎడమ. రెండు - కుడి. అంతే, ఆ పూటకి చార్టు పని అయిపోతుంది. నేను అలా నింపేసి దుప్పట్ల గదిలోకి పోయి తలుపు వేసుకుని చదువుకున్నాను. ఒక రోజు కాదు, వరుసగా మూడు రోజులు.

రెండో రోజు పన్నెండింటికి మర్చిపోయిన పెన్ను కోసం వార్డులోకి వచ్చాను. తాత వీపు మీదే ఉన్నాడు, పొద్దున్నించీ అలాగే. నన్ను చూసి ఎడమచేత్తో మంచం కడ్డీని తట్టాడు, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. "ఒక్క నిమిషం తాతగారూ, ఇప్పుడే వస్తా" అన్నాను. పెన్ను తీసుకుని వెళ్లిపోయాను. మళ్లీ రాలేదు. ఛీ, నా మొహానికి నర్సు టోపీ ఒకటి.

మూడో రోజు మధ్యాహ్నం నేను ఇంకా యూనిఫాం మార్చుకోకముందే నాన్న గొంతు వినిపించింది. "సిస్టరమ్మా, ఒకసారి ఇట్రండి." తాతని పక్కకి తిప్పి పట్టుకుని ఉన్నాడు. వెన్ను చివర ఎముక మీద రూపాయి బిళ్లంత మేర చర్మం లేచిపోయి, కింద ఎర్రగా చెమ్మగా ఉంది.

సిస్టర్ చార్టు తీసింది. పొద్దుటి గడులు నిండుగా, అందంగా, నా ముత్యాల్లాంటి అక్షరాలతో. రాత్రి గడులూ నిండాయి. సాయంత్రం గడులు మాత్రం వారం నుంచీ ఖాళీ. సాయంత్రం నలభై బెడ్లకి ఒక్కతే నర్సు. నాన్న తిప్పుతాడని అందరికీ తెలుసు కాబట్టి ఆమె రాయడం మానేసింది. నాన్నకా, రాయడం రాదు.

"ఏమయ్యా, ఏంటిది?" అంది సిస్టర్.

"తిప్పానమ్మా. రాసేవాళ్లు లేరు."

"రాయకపోతే చెయ్యనట్టే లెక్క. ఇన్నేళ్లున్నావ్, నీకు తెలీదా?"

నాన్న నా వైపు చూశాడు. నేను డ్రెస్సింగ్ ప్యాకెట్ విప్పుతున్నట్టు తల వంచుకున్నాను. ఆ ప్యాకెట్ విప్పడానికి అరనిమిషం చాలు. ఎంతసేపు విప్పానో నాకే తెలీదు.

ఇక్కడి నుంచి నా తెలివి చూడండి. పుండు వచ్చింది కాబట్టి నా కేస్ స్టడీకి ప్రాణం వచ్చింది. మిగతా పిల్లలందరూ షుగరు, బీపీ అంటూ ఒకటే పాట. నా దగ్గర రోజురోజుకీ కొలవగలిగిన పుండు ఉంది! కొలిచాను, బొమ్మ వేశాను, డ్రెస్సింగ్ చేశాను, ఏం తినిపించానో రాశాను. ఆ పద్దెనిమిది రోజులూ ఒక్క నిమిషం ఏమరలేదు. పుండు నిజంగానే మానుతూ వచ్చింది. మామ్మగారు నా చేతులు పట్టుకుని, "నా కడుపున పుట్టకపోయినా కూతురివే నువ్వు" అంది. నేను చేతులు విడిపించుకుని డ్రెస్సింగ్ ట్రే సర్దుకున్నాను.

ఎగ్జామినర్ మేడమ్ వచ్చింది. వార్డు సిస్టర్, మా ట్యూటరు, ఇద్దరు ముగ్గురు పిల్లలు మంచం చుట్టూ నిలబడ్డారు. వీపు చూపించడానికి తాతని పక్కకి తిప్పి పట్టుకోవాలి. ఇంకెవరు పడతారు? పొద్దున డ్యూటీ కాకపోయినా, కూతురి పరీక్ష అని నాన్న వచ్చాడు. ఒక చెయ్యి భుజం దగ్గర, ఒక చెయ్యి తుంటి దగ్గర పెట్టి నిలబడ్డాడు. తాత మొహం నా వైపుకే ఉంది.

నేను గడగడా చెప్పుకుపోయాను. ఆవిడ తల ఊపుతూ వింది. నా అక్షరాలు మెచ్చుకుంది, బొమ్మలు మెచ్చుకుంది. తర్వాత చార్టు చేతిలోకి తీసుకుని మామూలుగానే అడిగింది.

"అంతా బాగుందమ్మా. ఒక్క సందేహం. రెండు గంటలకోసారి తిప్పితే పుండు ఎలా వచ్చింది?"

ఇదీ ఆ క్షణం. నోరు తెరిచి నిజం చెప్పడానికి నాకు ఇంతకన్నా తిన్ననైన ప్రశ్న ఎవరూ వెయ్యలేరు. నాన్న చేతులు తాత ఒంటి మీద ఉన్నాయి. తాత కళ్లు నా మీద ఉన్నాయి.

"సాయంత్రం షిఫ్టులో అటెండరు నిర్లక్ష్యం వల్ల మేడమ్" అన్నాను.

తాత గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. ఎడమచేత్తో మంచం కడ్డీని దబదబా బాదాడు. "నొప్పిగా ఉన్నట్టుంది" అంది ఎగ్జామినర్ మేడమ్. "నొప్పి ఎంతుందో కూడా రాస్తున్నావా?" రాస్తున్నానన్నాను. జేబులోంచి పెన్ను తీసి నిజంగానే రాశాను.

ఆవిడ చార్టు మళ్లీ పైకెత్తి పొద్దుటి గడుల మీద వేలు పెట్టింది. ఏదో అడగబోయింది. అంతలోనే నాన్న అందుకున్నాడు. "నాదే తప్పండమ్మా. కునుకు పట్టింది." ఆవిడ చార్టు దించేసింది. యాభైకి నలభై తొమ్మిది వేసింది.

ఆ తర్వాత నాన్నకి మెమో ఇచ్చారు. వేలిముద్ర వేశాడు. వార్డు నుంచి తీసేసి ఆక్సిజన్ సిలిండర్ల గదికి వేశారు. పొద్దస్తమానం ఇనప సిలిండర్లు దొర్లించడమే పని. ముప్పై ఏళ్లు మనుషుల్ని పట్టుకున్న చేతులవి. ఇంట్లో అమ్మ, "ఎప్పుడూ లేంది నీకు కునుకేంటయ్యా?" అని ఒకటే సాధించేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. నేను అన్నం ముందు కూర్చుని తల ఎత్తేదాన్ని కాదు.

ఫలితాలు వచ్చాయి. యూనివర్సిటీ ఫస్టు. మెడల్ ఇచ్చే రోజు తల్లిదండ్రుల్ని వేదిక మీదకి రమ్మన్నారు. అమ్మ ఒక్కతే వచ్చింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని చివరి వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు. పిలిస్తే చెయ్యి అడ్డంగా ఊపాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మెడల్ మెడలో వేస్తుంటే ఎప్పుడు తీస్తానా అనిపించింది.

వారం ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాలేదు. ప్రిన్సిపాల్ మేడమ్ గదికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ మార్కుల కాగితం బయటికి తీసింది.

"నీకూ రెండో అమ్మాయికీ తేడా అరవై ఒకటి. ఈ కేస్ స్టడీలో నీకు సున్నా వేసినా ఫస్టు నువ్వే. మరి దేనికమ్మా ఆ అబద్ధం?"

ఆ అబద్ధంతో నాకు ఒరిగింది ఏమీ లేదన్నమాట. ఏమీ అక్కర్లేకుండానే మా నాన్నని బలిపెట్టాను.

"మా నాన్నని మళ్లీ వార్డులో వేయించండి మేడమ్. నాకు ఏ శిక్ష అయినా వెయ్యండి" అన్నాను.

"మూడు నెలల్లో రిటైరవుతున్నాడుగా. ఇప్పుడు ఫైలు తిరగదోడితే కాలేజీ పరువు పోతుంది. ఇంటికెళ్లు" అంది. కాగితం మీద రాసిచ్చాను. దానికి ఈనాటికీ జవాబు లేదు.

అక్కణ్నుంచి తిన్నగా సిలిండర్ల గదికి వెళ్లాను. నాన్న ఒక సిలిండర్ మూత బిగిస్తున్నాడు.

"నాన్నా, ఆ మూడు రోజులూ నేను ఆయన్ని తిప్పలేదు."

"తెలుసమ్మా."

"తెలుసా?"

"రెండింటికి నేను వచ్చేసరికి దుప్పటి ముడతలు ఆయన వీపు మీద అచ్చు దిగి ఉండేవి. రెండు గంటల కింద పక్కకి తిప్పిన మనిషి వీపు మీద అంత లోతు అచ్చులు ఉండవు." చేతిలో రెంచీ పక్కన పెట్టాడు. "మొదటిరోజు ఏదో పనుండి మర్చిపోయిందిలే అనుకున్నా. రెండో రోజు కూడా చూసి నోరు మూసుకున్నా. పిల్లకి పరీక్షలు, సిస్టరమ్మకి చెప్తే ఏమంటారో అని. అప్పుడే చెప్పుంటే ఆయన ఒళ్లు చీలేది కాదు. నేనేం ఉత్తినే వేలిముద్ర వెయ్యలేదు. నాదీ తప్పుంది."

"నన్నైనా అడగొచ్చుగా నాన్నా! ఒక్క చెంపదెబ్బ కొట్టొచ్చుగా!"

"నువ్వే చెప్తావని చూశా."

"ఎగ్జామినర్ ముందు కూడానా?"

"అప్పుడు కూడా. నువ్వు అటెండరు అన్నావు. సరే, డ్యూటీలో అటెండర్నే. ఆ మాట అనేటప్పుడు నా వైపు ఒకసారి చూస్తావనుకున్నా." గొంతు తగ్గింది. "చూళ్లేదు నువ్వు."

భోరుమని ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. ఏడుపు తగ్గేదాకా ఆగి, "ఆదివారం నాతో రా" అన్నాడు, అంతే.

ఆదివారం పూట నాన్న ఎక్కడికి వెళ్తున్నాడో అప్పటిదాకా నేను అడగనేలేదు. ఆ రోజు తెలిసింది. టైలరు తాత ఇంటికి. డిశ్చార్జి అయినప్పటి నుంచీ ప్రతి ఆదివారం పోయి, ఆయనకి ఒళ్లు తుడిచి, పక్క మార్చి, సాయంత్రందాకా తిప్పి వస్తున్నాడట.

దుకాణం మూసి ఉంది. వెనక గదిలో కుట్టుమిషను మీద పాత చీర కప్పి ఉంది. మామ్మగారు తలుపు తీసి నాన్నతో, "వచ్చావా? బక్కెట్టు అక్కడుంది, కానీ" అంది. వెనక నన్ను చూడగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "రా తల్లీ, రా. ఇన్నాళ్లకి గుర్తొచ్చామా? ఇదిగో ఈ మహానుభావుడు నిద్రపోయి తెచ్చిపెడితే నువ్వు మాన్పావు. నీ చేతి చలవే అమ్మా ఇదంతా." నన్ను కుర్చీలో కూర్చోబెట్టబోయింది. నాన్న బక్కెట్టు అందుకున్నాడు.

నేను కూర్చోలేదు. "మామ్మగారూ, నిద్రపోయింది మా నాన్న కాదు" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. దుప్పట్ల గది, నాలుగు సంతకాలు, పెన్ను కోసం వచ్చి వెళ్లిపోవడం, ఎగ్జామినర్ ముందు అన్న మాట, అన్నీ చెప్పాను. ఆవిడ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"మీ నాన్నా?" అంది. పొద్దున్న గంటసేపే వార్డుకి వచ్చే ఆవిడకి ఆ సంగతి కూడా తెలియదు. నాన్న వైపు తిరిగింది. "వచ్చిన ప్రతిసారీ నోటికొచ్చినట్టు తిట్టాను కదయ్యా నిన్ను. గుక్కెడు మంచినీళ్లివ్వలేదు. ఒక్కసారైనా ఇదీ సంగతి అని అనకపోతివి." ఏడుస్తూనే కుర్చీ నాన్న దగ్గరికి లాగింది. "కూర్చోండి బాబూ. మీరు కూర్చోండి ముందు."

నాన్న కూర్చోలేదు. "తిప్పే టైమయిందమ్మా" అన్నాడు.

మంచం మీద తాత అంతా వింటూనే ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్లాను. "తాతగారూ, నన్ను క్షమించండి" అన్నాను. ఆయన రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. ఏం చెయ్యాలో తెలీక, ఇదొక్కటైనా సరిగ్గా చేద్దామని, వంగి ఆయన భుజం కింద చెయ్యి పెట్టాను.

ఆయన ఎడమచెయ్యి వచ్చి నా చేతిని తోసేసింది. కోపంగా కాదు, విసురుగా కూడా కాదు. చొక్కా మీద పడ్డ దారప్పోగుని తీసేసినట్టు తీసి పక్కన పెట్టింది. మళ్లీ పెట్టబోయాను. మళ్లీ తీసేశాడు.

"వార్డులోనూ ఇంతే" అంది మామ్మగారు నెమ్మదిగా. "నువ్వు దగ్గరికొచ్చినప్పుడల్లా మొహం తిప్పుకునేవాడు. డ్రెస్సింగ్ మంట కాబోలు అనుకున్నాను."

నాన్న చేతులు తుడుచుకుని నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "ఆయన వద్దంటున్నాడు. వద్దన్న మనిషిని ముట్టుకోకూడదు" అన్నాడు. "పక్కకి జరుగమ్మా."

జరిగాను.